చెట్లను బిడ్డల్లా సాకిన అవ్వ

బెంగళూరు: పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండలేదు. ఆ బెంగతో కుంగిపోకుండా మర్రి మొక్కలనే బిడ్డలనుకుంది తిమ్మక్క. 2025 నవంబరు 14న ఇక్కడి ఓ ఆస్పత్రిలో 114 ఏళ్ల వయసులో కన్నుమూసిన ఆ అవ్వను కన్నడిగులు 'సాలుమరద తిమ్మక్క' అని పిలుచుకున్నారు. సాలుమరమంటే చెట్ల వరస.

పుట్టింది తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో. బడి ముఖం చూడలేదు. క్వారీలో కూలి పని. మాగడి తాలూకా హులికల్‌కు చెందిన చిక్కయ్యను మనువాడింది. ఆలుమగలు మొదటి ఏడాది 10 మొక్కలు నాటారు. రెండో ఏడు 15, మూడో ఏడు 20. కిలోమీటర్ల దూరం బిందెలతో నీళ్లు మోశారు. పశువులు మేయకుండా ముళ్లకంప కట్టారు. అలా హులికల్-కుదూరు దారిలో 385 మర్రిచెట్లు ఎదిగాయి. 1991లో చిక్కయ్య పోయినా ఆమె మొక్కలను వదల్లేదు.

2019లో పద్మశ్రీ అందుకుంటూ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ నుదుటిని తాకి, మనవడిని దీవించినట్టే దీవించింది. ఆ ఏడాదే ఆమె బిడ్డలకు గండమొచ్చింది. మన సరిహద్దులోని బాగేపల్లి నుంచి హలగూరుకు పోయే రోడ్డును వెడల్పు చేయాలంటే చెట్లు కొట్టాలన్నారు. అవ్వ ఊరుకోలేదు. ముఖ్యమంత్రి కుమారస్వామికి మొరపెట్టుకుంది. సర్కారు వేరే దారి చూస్తామంది. చెట్లు బతికాయి.

బెంగళూరులో ప్రభుత్వ లాంఛనాలతో అవ్వను సాగనంపారు. ఆమె పంచిన నీడ మాత్రం ఆ దారిన పోయే అందరిదీ. దాన్ని కాపాడుకోవడం ఇక మనవల వంతు.