గృహాలంకారము

ఇంటిని అలంకరించుకొనుట మనుజులకు సహజమైన అభిరుచి. అయితే ఇరుగుపొరుగువారి గోడలను చూచి మన గోడలను మార్చుచుండుట అభిరుచి కాదు, అనుకరణము. తాతల నాటి ఇత్తడి సామానును తూకమునకు అమ్మి ప్లాస్టిక్ పూలగుత్తులు కొనువారిని మన గంగారము ప్రాంతమునందును మేము చూచుచున్నాము.

జనగామ చేరువనున్న పెంబర్తి పనిని గమనింపుడు. అచ్చటి విశ్వకర్మ శిల్పులు ఇత్తడి రేకును కాల్చి మెత్తపరచి, లక్కపై అమర్చి, వెనుకనుండి ఉలితో కొట్టి, ముందువైపున లతలు ఉబ్బెత్తుగా తేలునట్లు చేయుదురు. 2010లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఇట్టి పళ్లెము త్రాసులో వట్టి ఇత్తడియే; అందలి చేతిపనికి తూకపురాయి లేదు. నల్లబడినను చింతపండుతో తోమినచో మరల మెరయును. వెలసిన ప్లాస్టిక్ పూవునకు ఆ భాగ్యము లేదు.

క్రొత్తదంతయు చెడ్డదని మా అభిప్రాయము కాదు. గాలి వెలుతురులకొరకు కిటికీని పెద్దది చేయుట మేలే. కాని క్రొత్త వస్తువును కొనుటకు ముందు రెండు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది మనకు నచ్చినదా, లేక పరులు మెచ్చుటకా? దీనికొరకు ఇంటినుండి ఏది వెడలిపోవును? నాయనమ్మ వాడిన చెంబు అని జవాబు వచ్చినచో, విద్యార్థులారా, బేరమునకు ముందు నాయనమ్మను అడుగుడు.