వార్తకు పూచీ ఎవరు?

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దు ప్రకటన వచ్చింది. కొత్త రెండు వేల నోటు గురించి ఆ రోజుల్లో రెండు లెక్కలు జనం ముందుకొచ్చాయి. ఒకటి: నోటులో చిప్ ఉంది, భూమిలో 120 మీటర్ల లోతున దాచినా ఉపగ్రహం పసిగడుతుంది. రెండోది: నోటు కొలత 66 మిల్లీమీటర్లు, 166 మిల్లీమీటర్లు.

రెండో లెక్క రిజర్వు బ్యాంకుది. ఆ బ్యాంకు నోటు గుర్తులన్నీ వరసపెట్టి ప్రకటించింది. వెనకవైపు మంగళయాన్ బొమ్మ ఉంటుందని, వంచి చూస్తే భద్రతా దారం ఆకుపచ్చ నుంచి నీలానికి మారుతుందని చెప్పింది. ఆ జాబితాలో చిప్ మాట లేదు. అయినా చిప్ కథ వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది, కొన్ని హిందీ టీవీ చానళ్లలో కూడా ప్రసారమైంది. మా ఇంటి గ్రూపులోకీ వచ్చింది.

"ఎక్కడిది మామయ్యా ఇది?" అని అడిగాను.

"టీవీలోనే చూపించారురా. అందరూ పంపిస్తున్నారు."

ఆ జవాబులో రెండు కొలతలున్నాయి: టీవీలో వచ్చింది, అందరూ అంటున్నారు. గ్రూపుల్లో మనం చేసే వాదనలు చాలావరకు ఈ రెండింటి మీదే నడుస్తాయి. అడగాల్సింది మాత్రం వేరే ఉంది. చీటీ పాడుకున్న మనిషికి డబ్బు ఇచ్చేముందు హామీదారు సంతకం అడుగుతాం. వార్తకూ అదే వర్తిస్తుంది: రేపు ఇది తప్పని తేలితే జవాబు చెప్పేదెవరు? 66, 166 అన్న లెక్క వెనక రిజర్వు బ్యాంకు ఉంది, అనుమానమున్నవాళ్లు అప్పట్లో స్కేలు పెట్టి చూసుకోగలిగేవారు. 120 మీటర్ల వెనక ఎవరూ లేరు. పూచీ ఉన్న మాటకూ లేని మాటకూ ఉన్న తేడాను కొన్ని అంకెల సాయంతో చూద్దాం.

1,500 మంది: వేగం ఏం చెబుతుంది?

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ముగ్గురు 2018 మార్చిలో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. 2006 నుంచి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను వాళ్లు పరిశీలించారు. వాటిని దాదాపు 30 లక్షల మంది 45 లక్షల సార్లకు పైగా పంచుకున్నారు. ఏది నిజం, ఏది అబద్ధం అన్నదానికి ఆరు నిజనిర్ధారణ సంస్థల తీర్పులను ఆధారం చేసుకున్నారు.

నిజమైన వార్త కంటే అబద్ధాన్ని ఇంకొకరికి పంపే అవకాశం 70 శాతం ఎక్కువని తేలింది. 1,500 మందిని చేరడానికి నిజానికి అబద్ధం కంటే దాదాపు ఆరు రెట్ల సమయం పట్టింది. తప్పు యంత్రాలదని అనుకుందామా అంటే, బాట్‌లు రెండింటినీ ఒకే వేగంతో వ్యాపింపజేశాయి. తేడా తెచ్చింది మనుషులే. కొత్తగా, విడ్డూరంగా ఉన్నదాన్ని ముందుగా నలుగురికీ చెప్పాలన్న ఆరాటమే దానికి కారణమని పరిశోధకులు భావించారు.

ఇందులో మనం పట్టుకోవాల్సింది ఒకటుంది. ఒక కబురు చాలామందికి చేరిందంటే అది జనాన్ని ఆకట్టుకుందని అర్థం, అంతే. దాన్ని ఎవరైనా సరిచూశారని కాదు.

5, 1: బాణం గుర్తుల భాష

ఈ వేగాన్ని తగ్గించడానికి వాట్సాప్ 2018 జులైలో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్‌లో ఇంకో మెట్టు బిగించింది. అప్పటికే ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. ఆ తర్వాత అలాంటి ఫార్వర్డ్‌లు 70 శాతం తగ్గాయని ఆ సంస్థ చెప్పింది.

సందేశం మీద రెండు బాణాలు కనిపిస్తే, అది ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారిందని అర్థం. దాన్ని మొదట రాసింది ఎవరో మీకు పంపినవారికి తెలిసే అవకాశం చాలా తక్కువ. అబద్ధమని అప్పుడే తేల్చెయ్యక్కర్లేదు. కానీ హామీ సంతకం లేని పత్రంగా పక్కన పెట్టి, మూలం దొరికాకే చర్చకు తేవాలి.

45 మంది: పక్కకు చూసి చదవడం

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెగ్రూ 45 మందితో ఒక పరిశీలన చేశారు. అందులో పదిమంది డాక్టరేట్ ఉన్న చరిత్రకారులు, పదిమంది వృత్తి రీత్యా నిజనిర్ధారకులు, 25 మంది స్టాన్‌ఫర్డ్ డిగ్రీ విద్యార్థులు. వాళ్లకు పిల్లల వైద్యుల సంఘాల సైట్లు రెండు చూపించారు. ఒకటి అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. 1930లో పుట్టింది, అరవై వేలకు పైగా సభ్యులున్నారు. రెండోది అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్. 2002లో మొదటిదాన్నుంచి చీలిన చిన్న బృందం. పేర్లు దగ్గరదగ్గరగా ఉన్నాయి, రెండు సైట్లూ పొందికగానే ఉన్నాయి.

నిజనిర్ధారకులు అందరూ అకాడమీనే నమ్మదగినదని తేల్చారు. చరిత్రకారుల్లో చాలామంది రెండూ మంచివేనంటూ తటపటాయించారు. విద్యార్థుల్లో ఎక్కువమంది చీలిక బృందం వైపు మొగ్గారు. తేడా చదువులో లేదు, చూసిన దిక్కులో ఉంది. మిగతావాళ్లు ఆ పేజీలోనే ఉండి పైనుంచి కిందికి చదివారు. నిజనిర్ధారకులు కాసేపట్లోనే పేజీ వదిలి, ఆ సంస్థ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు.

మన పెద్దలు సంబంధం ఖాయం చేసుకునేముందు చేసే పని ఇదే. అబ్బాయి గురించి అబ్బాయి ఇంట్లోనే అడిగి ఊరుకోరు, వీధి చివర కిరాణా కొట్టులోనూ వాకబు చేస్తారు. కొత్త సైటు గానీ యూట్యూబ్ చానల్ గానీ ఎదురైనప్పుడు దాని పేరు విడిగా వెతకండి. నడిపేదెవరో, ఇంతకుముందు ఏం రాసిందో, తప్పు పట్టినవాళ్లున్నారో బయటినుంచి తెలుసుకోండి.

పది పత్రికలు, ఒకే మూలం

"పది చోట్ల వచ్చింది" అన్న వాదన తరచూ వింటాం. ఆ పదింటినీ పక్కపక్కన పెట్టి చదివితే చాలాసార్లు వాక్యాలు కూడా ఒకటే ఉంటాయి. అడుగునో మొదట్లోనో పీటీఐ అన్న వార్తా ఏజెన్సీ పేరు కనిపిస్తుంది. ఒక విలేకరి ఏజెన్సీకి పంపిన వార్తను పది డెస్కులు అందుకున్నాయన్నమాట. అది తప్పేమీ కాదు, వార్తా వ్యవస్థ అలాగే నడుస్తుంది. కానీ అక్కడ సాక్షులు పదిమంది లేరు, ఒక్కరే ఉన్నారు.

వాక్యాలు కలవడానికి ఇంతకంటే చేటైన కారణమూ ఉండొచ్చు. 2009 ఎన్నికల సమయంలో మహారాష్ట్రలో ఒకే కథనం, అక్షరం మారకుండా, పోటీ పత్రికల్లో వచ్చిన సంగతిని పాత్రికేయుడు పి.సాయినాథ్ బయటపెట్టారు. డబ్బు పుచ్చుకుని ప్రకటనను వార్తగా అచ్చేసే ఈ 'పెయిడ్ న్యూస్' మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. ఉపసంఘ సభ్యులు పరంజయ్ గుహా ఠాకుర్తా, తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్‌రెడ్డి కలిసి 2010లో పేర్లతో సహా వివరమైన నివేదిక ఇచ్చారు. కౌన్సిల్ మొదట దాన్ని కుదించి విడుదల చేసింది, మరుసటి ఏడాది గానీ పూర్తి పాఠం జనానికి అందలేదు. కాబట్టి ఎన్నికల వేళ ఒక అభ్యర్థిని ఆకాశానికెత్తే కథనాలు ఎన్ని వచ్చినా, విడివిడిగా సేకరించినవి ఎన్నో లెక్కపెట్టండి.

1867 నాటి చిన్న వరస

ఈ రోజు మీ ఇంటికొచ్చిన దినపత్రిక తిరగేయండి. ఏదో ఒక పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో ఒక వరస ఉంటుంది: యజమాని, సంపాదకుడు, ముద్రించినవారు, ప్రచురించినవారు, అచ్చయిన చోటు. ఎవరూ చదవని ఆ వరస 1867 నాటి ప్రెస్ చట్టం చలవ. ఆనాటి ప్రభుత్వం దాన్ని పత్రికల మీద నిఘా కోసం తెచ్చినా, పాఠకుడికి దానివల్ల ఒక మేలు జరిగింది. తప్పు రాస్తే ఎవరిని నిలదీయాలో అచ్చులోనే తెలిసింది. 2024 మార్చి 1 నుంచి దాని స్థానంలో 2023 నాటి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది.

గ్రూపులో తిరిగే పత్రిక క్లిప్పింగ్‌కు ఈ వరస ఉండదు, తరచూ తేదీ కూడా ఉండదు. లోగో అతికించడం ఇప్పుడు నిమిషం పని. అలాంటిది వస్తే ఆ తేదీ ఈ-పేపర్ తెరిచి, జిల్లా ఎడిషన్‌తో సహా చూడండి. అక్కడ లేకపోతే ఆ పత్రిక పేరు చెప్పి వాదించడం ఆ పత్రికకూ అన్యాయమే.

ఐదు సూత్రాల్లో చివరిది

నిజనిర్ధారణ సంస్థల అంతర్జాతీయ వేదిక ఐఎఫ్‌సీఎన్ 2015లో ఏర్పడింది. హైదరాబాద్‌లోని ఫ్యాక్ట్‌లీ వంటి సంస్థలు దాని నియమావళికి కట్టుబడ్డాయి. అందులో సూత్రాలు ఐదు: పక్షపాతం లేకపోవడం, ఆధారాలు చూపించడం, డబ్బు ఎక్కడిదో చెప్పడం, పద్ధతి వెల్లడించడం, తప్పు జరిగితే బాహాటంగా దిద్దుకోవడం.

నాకు చివరిదే గట్టి గీటురాయి. ఎప్పుడూ 'సవరణ' వేయని పత్రిక తప్పులు చేయని పత్రిక కాదు, ఒప్పుకోని పత్రిక. నిన్నటి పొరపాటును పేరుపెట్టి దిద్దుకున్న పత్రికను ఇవాళ ఇంకాస్త ఎక్కువ నమ్మొచ్చు.

ఒకచోట నమ్మదగింది అన్నిచోట్లా నమ్మదగింది కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మీ మండలంలో జరిగిన రోడ్డు ప్రమాదానికి జిల్లా ఎడిషన్ కంట్రిబ్యూటర్ మంచి సోర్సు. పరీక్ష తేదీకి బోర్డు ప్రకటనే సోర్సు. మందు పనిచేస్తుందా లేదా అన్నదానికి ఆ రెండూ చాలవు.

400 ఊళ్లు

ఇదంతా చర్చలో గెలవడానికి చెబుతున్నది కాదు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి 2018లో తెలుగు రాష్ట్రాలనూ వణికించింది. అదే వదంతి వల్ల ఆ జులై 1న మహారాష్ట్ర ధులె జిల్లాలో జనం ఐదుగురిని కొట్టి చంపారు. ఆ ఐదుగురిదీ ఏ తప్పూ లేదు.

అదే కాలంలో జోగులాంబ గద్వాల ప్రాంతంలో ఎస్పీ రెమా రాజేశ్వరి 400కు పైగా ఊళ్లలో వదంతులపై ప్రచారం చేయించారు. పోలీసులు ఇంటింటికీ వెళ్లారు, డప్పు కొట్టి పాటలతో చెప్పించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. భయం పుట్టించే వీడియో వచ్చినప్పుడు అడగడానికి ఊరివాళ్లకు తెలిసిన కానిస్టేబుల్ ఒకరు దొరికారు. అతనికి పేరుంది, ఊళ్లో అందరికీ తెలిసిన ముఖముంది, తప్పు చెబితే రేపు అదే రచ్చబండ దగ్గర జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత ఉంది. వదంతిని పంపినవాడికి ఈ మూడింటిలో ఒక్కటీ లేదు.

ఈసారి గ్రూపులో వార్త పెట్టేముందు ఆ కానిస్టేబుల్ లాంటి మనిషి దాని వెనక ఉన్నారా అని చూడండి. లేకపోతే మీరు ఫార్వర్డ్ నొక్కిన క్షణం నుంచి, అందుకున్నవాళ్ల దృష్టిలో ఆ మాటకు పూచీ మీరే.