సెన్సర్ చిన్నదైతే నేపథ్యం మసకబారదా?

కంపాక్ట్ కెమెరాతో పోర్ట్రెయిట్ తీస్తే ముఖం ఎంత స్పష్టంగా వస్తుందో వెనకున్న గోడ, కరెంటు తీగలు, షాపు బోర్డు కూడా అంతే స్పష్టంగా వస్తాయి. సెన్సర్ చిన్నది కాబట్టి ఇంతేనని, నేపథ్యం మసకబారాలంటే పెద్ద కెమెరా కొనాల్సిందేనని చాలామంది నమ్మకం. అసలు కారణం సెన్సర్ కాదు. లెన్స్‌ను ముందు నుంచి చూస్తే కనిపించే రంధ్రం, అంటే అపర్చర్, దాని వ్యాసమే మసకను నిర్ణయిస్తుంది. ముఖం మీద ఫోకస్ చేసినప్పుడు ఎక్కడో దూరాన వెలిగే దీపం ఫోటోలో ఒక గుండ్రటి బిళ్లగా పరుచుకుంటుంది. రంధ్రం 5 మిల్లీమీటర్లయితే ముఖం కొలతలో ఆ బిళ్ల కూడా 5 మిల్లీమీటర్లే. 28 అయితే 28. ఈ లెక్కలో సెన్సర్ ఊసే లేదు. చిన్న సెన్సర్‌కు తక్కువ ఫోకల్ లెంగ్త్ లెన్స్ సరిపోతుంది, దాంతో రంధ్రమూ చిన్నదవుతుంది. నింద మాత్రం సెన్సర్ మీద పడింది.

ఎఫ్ నంబర్ ఎంత తక్కువైతే మసక అంత ఎక్కువన్న మాట కూడా కంపాక్ట్‌ల దగ్గర దారి తప్పిస్తుంది. 2014లో వచ్చిన కానన్ జీ7ఎక్స్‌నే తీసుకుందాం. దాని లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 8.8 నుంచి 36.8 మిల్లీమీటర్లు (ప్రకటనల్లో కనిపించే 24–100 ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే అంకె, దాన్ని ఈ లెక్కలోకి తేకూడదు). ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబర్‌తో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది. జూమ్ చేయకముందు ఎఫ్ నంబర్ 1.8, 8.8ని దాంతో భాగిస్తే రంధ్రం 5 మిల్లీమీటర్ల లోపే. పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్ నంబర్ 2.8కి పెరుగుతుంది, అయినా రంధ్రం 13 మిల్లీమీటర్లు దాటుతుంది. అందుకే 1.8 దగ్గరే ఉంచి ముఖానికి దగ్గరగా వెళ్లమనే సలహా తప్పు. పైగా అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా పడుతుంది. అయితే డిజిటల్ జూమ్ వల్ల ప్రయోజనం లేదు. అది బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందే తప్ప రంధ్రాన్ని పెంచదు.

ఇక మనిషికీ నేపథ్యానికీ మధ్య దూరం సంగతి. దీన్ని పట్టించుకునేవారు తక్కువ, ఫలితం మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. జీ7ఎక్స్‌ను పూర్తిగా జూమ్ చేసి, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషిని తల, భుజాలు నిండేలా తీస్తున్నామనుకుందాం. గోడ ఆయన వెనక అర మీటరులో ఉంటే మసక బిళ్ల 2.6 మిల్లీమీటర్లే. ఎనిమిది మీటర్ల వెనక్కి పోతే అదే బిళ్ల 10 దాటుతుంది. రూపాయి ఖర్చు లేకుండా నాలుగింతలు! మనిషిని గోడకు ఆనించి నిలబెట్టే అలవాటు మానితే చాలు.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఉండగా ఈ లెక్కలెందుకని అడగవచ్చు. ఫోన్ దూరాన్ని అంచనా వేసి మసకను సాఫ్ట్‌వేర్‌తో పూస్తుంది. చెదిరిన వెంట్రుకలు, కళ్లజోడు అంచుల దగ్గర ఆ అంచనా తరచూ తప్పుతుంది. లెన్స్ ఇచ్చే మసక దూరాన్ని బట్టి క్రమంగా పెరుగుతుంది, కాబట్టి కోత కనిపించదు. కంపాక్ట్‌కు హద్దు లేదని కాదు. ఫుల్ ఫ్రేమ్ కెమెరా మీద 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్స్ రంధ్రం దాదాపు 28 మిల్లీమీటర్లు, అంటే జీ7ఎక్స్‌కు రెండింతలు. ముఖం నిండిన ఫోటోలో 13 మిల్లీమీటర్ల బిళ్ల బాగానే పనిచేస్తుంది. నిలువెత్తు ఫోటోలో మాత్రం అది లెక్కకు రాదు, అక్కడ పెద్ద లెన్స్ కావాల్సిందే.