అనుకోని చదువు ఖర్చులు: ముందే గుర్తించడం, వేళకు తట్టుకోవడం

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరవాత మీరు:
• కోర్సులో ఫీజు కాక వచ్చే ఇతర ఖర్చులను ముందుగానే గుర్తించగలుగుతారు.
• ఏ ఖర్చు ఏ నెలలో వస్తుందో చూపే గడువుల పట్టిక తయారు చేసుకోగలుగుతారు.
• గడువు దగ్గరపడి చేతిలో డబ్బు లేనప్పుడు ఏ మార్గం ఎంచుకోవాలో నిర్ణయించుకోగలుగుతారు.
• ఫీజు వాపసు, ఫిర్యాదులకు సంబంధించి విద్యార్థిగా మీకున్న హక్కులను వివరించగలుగుతారు.

1. పరిచయం

కోర్సులో చేరేటప్పుడు మనం ముందు అడిగే ప్రశ్న "ఫీజు ఎంత?" అని. ఆ మొత్తానికి ఇంట్లో ఏదో ఒక ఏర్పాటు చేసుకునే చేరతాం. చదువు మధ్యలో ఇబ్బంది పెట్టేవి దాని తరవాత వచ్చేవి: పరీక్ష ఫీజు, ప్రాజెక్టు రిపోర్టు టైపింగు, ప్రాక్టికల్ తరగతులకు వెళ్ళిరావడం, ధ్రువపత్రాల రుసుము. విడివిడిగా చూస్తే ఇవన్నీ చిన్న మొత్తాలే. కాని ప్రతి దానికీ ఒక గడువు ఉంటుంది. వెయ్యి రూపాయల పరీక్ష ఫీజు గడువులోగా కట్టలేకపోతే పోయేది వెయ్యి రూపాయలు కాదు, ఆరు నెలలో ఏడాదో. అందువల్ల "ఎంత?" అన్న ప్రశ్న పక్కనే "ఎప్పటికి?" అన్న ప్రశ్న కూడా వేసుకోవాలి. ఈ పాఠ్యభాగంలోని ముఖ్య విషయం ఇదే.

విశాఖపట్నాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ నగరాన్ని చదువుకూ ఉపాధికీ కేంద్రంగా మార్చాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి, పాడేరు, అరకు ప్రాంతాల నుంచి చదువు కోసం, పని కోసం ఇక్కడికి వస్తారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972 నుంచే దూరవిద్య ఉంది. దూరవిద్యలో చేరేవారిలో చాలామంది పగలు పనిచేసి రాత్రి చదువుకునేవారే.

వీరి ఆదాయాలు ఒకే తీరుగా ఉండవు. కాంట్రాక్టు కార్మికుని ఇంటికి జీతం నెల మొదట్లో వస్తుంది, పని ఆగితే అదీ ఆగుతుంది. రోజుకూలీకి పని దొరికిన రోజే డబ్బు. చేపల రేవు మీద ఆధారపడిన కుటుంబానికి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, తూర్పు తీరంలో మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. విశ్వవిద్యాలయం ప్రకటించే గడువు మాత్రం అందరికీ ఒక్కటే. ఆదాయం వచ్చే రోజుకూ ఫీజు కట్టే రోజుకూ మధ్య ఉండే ఈ ఎడమే అసలు సమస్య.

2. అనుకోని ఖర్చులు: మూడు రకాలు

అన్ని అనుకోని ఖర్చులకూ ఒకే పరిష్కారం పనిచేయదు. వాటిని మూడు రకాలుగా విభజించుకోవచ్చు.

(అ) తెలుసుకోకపోవడం వల్ల అనుకోనివి: పరీక్ష ఫీజు, ఆలస్య రుసుము, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మైగ్రేషన్ సర్టిఫికెట్, స్నాతకోత్సవ రుసుము మొదలైనవి. ఇవి ప్రాస్పెక్టస్‌లోనో ఫీజు పట్టికలోనో ఉంటాయి. మనం చదవకపోవడం వల్లనే ఇవి హఠాత్తుగా వచ్చినట్టు కనిపిస్తాయి. అనుకోనివి అని మనం అనేవాటిలో ఎక్కువ భాగం ఈ రకానివే.

(ఆ) నిజంగా అనుకోనివి: అనారోగ్యం, ఫోను పాడవడం, ప్రకృతి వైపరీత్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. ఇలాంటి వాటికి తేదీ ముందుగా తెలియదు. అందుకు కొంత సొమ్ము విడిగా ఉంచుకోవడమే మార్గం.

(ఇ) రావలసినది వేళకు రాకపోవడం: ఇది నిజానికి ఖర్చు కాదు, ఆదాయంలో ఆలస్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైంది. 2020లో దాని స్థానంలో వచ్చిన విద్యా దీవెన పథకంలో సొమ్మును విడతలవారీగా తల్లుల ఖాతాలో వేసేవారు. పథకం పేరు ఏదైనా, ప్రభుత్వం విడత విడుదల చేసే రోజూ కళాశాల పెట్టిన గడువూ ఒకే రోజున రావు. కాబట్టి ఉపకారవేతనం వస్తుందన్న లెక్కతో పరీక్ష ఫీజును ఆపి ఉంచకూడదు.

గమనిక: దూరవిద్యలో చదివేవారు విద్యా దీవెన నిబంధనల ప్రకారం అర్హులుగా ఉండేవారు కారు. కేంద్ర ప్రభుత్వం కళాశాల, విశ్వవిద్యాలయ విద్యార్థులకు ఇచ్చే ఉపకారవేతనం కూడా రెగ్యులర్ కోర్సులకే వర్తిస్తుంది. అందువల్ల ఏ పథకాన్ని నమ్ముకునే ముందయినా "దూరవిద్యకు వర్తిస్తుందా?" అని అడిగి తెలుసుకోండి.

3. ఫీజు పట్టికను చదవడం

యూజీసీ 2023లో జారీచేసిన విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార నిబంధనల ప్రకారం, ప్రవేశాలు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందు సంస్థ తన ప్రాస్పెక్టస్‌ను ప్రకటించాలి. ఫీజులోని ఒక్కొక్క అంశం, డిపాజిట్లు, చదువు మానేస్తే తిరిగి ఇచ్చే భాగం అందులో ఉండాలి. దాన్ని దగ్గర పెట్టుకొని ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకోండి:

• పరీక్ష ఫీజు మొత్తంగా కట్టాలా, పేపరుకు ఇంత అని కట్టాలా?
• గడువు దాటితే ఆలస్య రుసుము ఎంత? అది ఏ తేదీ వరకు చెల్లుతుంది?
• ఫెయిలైన పేపరు మళ్ళీ రాయడానికి ఎంత?
• ప్రాక్టికల్స్, సంప్రదింపు తరగతులు ఎక్కడ, ఎన్ని రోజులు?
• గరిష్ఠ కాలవ్యవధి దాటితే పునఃప్రవేశానికి ఎంత?
• కోర్సు పూర్తయ్యాక ఏ ఏ పత్రాలకు విడిగా రుసుము కట్టాలి?

ప్రాస్పెక్టస్‌లో దొరకని జవాబును అధ్యయన కేంద్రంలో అడగండి. పై సంవత్సరం చదువుతున్న వారిని అడిగితే ఇంకా తొందరగా తెలుస్తుంది.

4. గడువుల పట్టిక: ఒక ఉదాహరణ

గాజువాకలో ఉంటూ ఒక దుకాణంలో పనిచేస్తున్న విద్యార్థిని జులైలో డిగ్రీ కోర్సులో చేరింది అనుకుందాం. కింది అంకెలు లెక్క వేసే పద్ధతిని చూపడానికి మాత్రమే. మీ అంకెలు మీ కోర్సు ఫీజు పట్టిక నుంచి తీసుకోవాలి.

జులై: ట్యూషన్ ఫీజు – రూ. 3,000
ఆగస్టు నుంచి మార్చి: తరగతులకు బస్సు ఛార్జీలు, భోజనం, నెలకు రూ. 250 చొప్పున 8 నెలలు – రూ. 2,000
సెప్టెంబరు: అసైన్‌మెంట్ల కాగితాలు, జిరాక్సులు – రూ. 400
నవంబరు: మొదటి సెమిస్టరు పరీక్ష ఫీజు – రూ. 1,000
ఫిబ్రవరి: ప్రాజెక్టు టైపింగు, బైండింగు – రూ. 900
ఏప్రిల్: రెండో సెమిస్టరు పరీక్ష ఫీజు – రూ. 1,000
మే: ధ్రువపత్రాలు, ఇతర రుసుములు – రూ. 700
మొత్తం – రూ. 9,000

ఆమె "ఫీజు మూడు వేలు" అనుకొని చేరింది. అసలు ఖర్చు దానికి మూడు రెట్లు. అయినా భయపడవలసింది లేదు. చేరేటప్పుడు కట్టిన 3,000 పోగా మిగిలిన 6,000 రూపాయలను జులై నుంచి ఏప్రిల్ వరకు 10 నెలలకు పంచితే నెలకు 600 రూపాయలు. ప్రతి నెలా ఈ 600 పక్కన పెడితే ఏ గడువు నాటికీ డబ్బు తక్కువ పడదు. నవంబరు పరీక్ష ఫీజు కట్టాక చేతిలో ఇంకా 600 మిగులుతుంది. మేలో చివరి రుసుము కట్టేసరికి లెక్క సరిగ్గా సరిపోతుంది. మీరే నెల నెలా లెక్క వేసి సరిచూడండి.

దీనికి తోడు మొత్తం ఖర్చులో పదో వంతును, అంటే ఇక్కడ 900 రూపాయలను, (ఆ) రకం ఖర్చుల కోసం విడిగా ఉంచుకోవాలి. ఒకేసారి వీలు కాకపోతే నెలకు 75 రూపాయల చొప్పున ఏడాదిలో కూడబెట్టవచ్చు.

మీ ఆదాయం అన్ని నెలల్లో సమానంగా లేకపోతే పొదుపు కూడా సమానంగా ఉండనక్కరలేదు. చేపల వేట మీద ఆధారపడిన ఇంట్లో ఇదే 6,000 రూపాయలను మార్చి లోపల, 9 నెలల్లో పూర్తి చేయాలి. అప్పుడు నెలకు సుమారు 670 అవుతుంది. వేట నిషేధం జూన్ 14న ముగిసిన కొద్ది రోజులకే వచ్చే ఏడాది ట్యూషన్ ఫీజు గడువు వస్తుంది. దాన్ని కూడా వేట సాగే నెలల్లోనే దాచుకోవడం మంచిది.

ఈ సొమ్మును ఇంటి ఖర్చుల డబ్బుతో కలపకండి. జన్‌ధన్ ఖాతాలోనో, పోస్టాఫీసు పొదుపు ఖాతాలోనో విడిగా ఉంచండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
మీ కోర్సులో రాబోయే 12 నెలల ఖర్చులను నెలలవారీగా రాయండి. వాటిలో చేరేనాటికి మీకు తెలియనివి ఎన్ని?

5. ఖర్చు తగ్గించుకునే మార్గాలు

పుస్తకాలకు డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికేవి చూడండి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠ్య పుస్తకాలు ఈ-జ్ఞానకోశ్‌లో ఉచితంగా ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఇంగ్లీషు, హిందీ భాషల్లో ఉంటాయి. 2017లో ప్రారంభమైన స్వయం వేదికలో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కోసం పరీక్ష రాస్తేనే రుసుము. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే జాతీయ డిజిటల్ గ్రంథాలయంలోనూ పుస్తకాలు వెతకవచ్చు. నగరంలో ఉన్నవారికి ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం అందుబాటులో ఉంది. సీనియర్ల పుస్తకాలు అడిగి తీసుకోవడంలో మొహమాటపడనక్కరలేదు. నలుగురు కలిసి ఒక సెట్టు కొనుక్కొని పంచుకోవచ్చు.

6. గడువు దగ్గరపడింది, డబ్బు లేదు. ఏమి చేయాలి?

6.1 ముందుగా రాతపూర్వకంగా అడగండి

గడువు దాటాక చేసే విన్నపం కన్నా దాటకముందు చేసేదానికి విలువ ఎక్కువ. నోటిమాటగా కాకుండా కాగితం మీద అడగండి. ఒక ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకొని దగ్గర ఉంచుకోండి. నమూనా:

"అధ్యయన కేంద్రం కోఆర్డినేటరు గారికి,
నేను మీ కేంద్రంలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. మా నాన్నగారికి రెండు నెలలుగా పని లేనందున ఈ నెల 20వ తేదీలోగా పరీక్ష ఫీజు కట్టలేకపోతున్నాను. వచ్చే నెల 10వ తేదీలోగా చెల్లించగలను. అంతవరకు గడువు ఇవ్వవలసిందిగా, వీలుకాని పక్షంలో ఆలస్య రుసుముతో చెల్లించగల చివరి తేదీ తెలియజేయవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో కారణం, కట్టగలిగే తేదీ, కోరుతున్నది స్పష్టంగా ఉన్నాయి. గడువు పొడిగించే అధికారం కేంద్రానికి లేకపోయినా చివరి తేదీ మీకు కచ్చితంగా తెలుస్తుంది.

6.2 ఆలస్య రుసుమునూ వడ్డీనీ పోల్చి చూడండి

నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే సంవత్సరానికి 36 శాతం. అది ఎక్కువ వడ్డీయే. అయినా వెయ్యి రూపాయలకు ఒక నెలకు అయ్యేది 30 రూపాయలు. ఆలస్య రుసుము 200 అయితే, వచ్చే నెల జీతంతో తీర్చగలిగినవారికి అప్పే చవక. అదే అప్పు ఏడాది సాగితే వడ్డీ 360 అవుతుంది. తీర్చే తేదీ తెలిసినప్పుడే అప్పు చేయండి.

6.3 అప్పు ఎవరి దగ్గర?

దగ్గరివారి చేబదులు, యజమాని ఇచ్చే జీతం అడ్వాన్సు, అమ్మ సభ్యురాలిగా ఉన్న డ్వాక్రా సంఘం, బ్యాంకులో బంగారం మీద రుణం: ఈ వరసలో ఆలోచించండి.

రెగ్యులర్ కోర్సులో చదివే తోబుట్టువులు ఉంటే వారికి విద్యా రుణం గురించి చెప్పండి. బ్యాంకుల నమూనా విద్యా రుణ పథకంలో 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అడగరు. పరీక్ష, లైబ్రరీ, లేబొరేటరీ ఫీజులు, పుస్తకాలు, హాస్టలు, కంప్యూటరు ఖర్చులను కూడా రుణంలో చూపవచ్చు. దరఖాస్తు సమయంలో ట్యూషన్ ఫీజు ఒక్కటే రాస్తే తరవాత ఇబ్బంది. ఎంపిక చేసిన సంస్థల్లో సీటు వచ్చినవారికి 2024 నవంబరు 6న కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం కింద తాకట్టు, పూచీ లేకుండా రుణం ఇస్తారు.

6.4 రుణ యాప్‌లతో జాగ్రత్త

ఒక యాప్ 3,000 రూపాయల అప్పు అని చెప్పి, 600 ముందే కోసుకొని 2,400 ఇచ్చి, వారంలో 3,000 కట్టమంటుంది అనుకుందాం. అంటే వారానికి నూటికి 25 రూపాయల వడ్డీ. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అసలు ఖర్చంతా చూపే పత్రాన్ని అప్పు ఇచ్చే ముందే ఇవ్వాలి. ఆ పత్రం ఇవ్వని యాప్‌ను, ఫోనులోని నంబర్లు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగే యాప్‌ను వదిలేయండి.

7. మీ హక్కులు

యూజీసీ 2018 అక్టోబరులో ప్రకటించిన ఫీజు వాపసు విధానం ప్రకారం, సంస్థ ఒక సెమిస్టరుకు లేదా ఒక సంవత్సరానికి మించి ఫీజు ముందుగా వసూలు చేయకూడదు. అసలు సర్టిఫికెట్లు తన దగ్గర ఉంచుకోకూడదు. సీటు వదులుకునే విద్యార్థికి తిరిగి ఇవ్వవలసిన ఫీజు:

• ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందు – 100 శాతం (స్వల్ప ప్రాసెసింగ్ రుసుము మినహా)
• చివరి తేదీకి 15 రోజుల లోపల – 90 శాతం
• చివరి తేదీ తరవాత 15 రోజుల వరకు – 80 శాతం
• ఆ తరవాత 30 రోజుల వరకు – 50 శాతం
• 30 రోజులు దాటితే ఏమీ రాదు. కాషన్ డిపాజిట్ మాత్రం పూర్తిగా ఇవ్వాలి.

కొన్ని సంవత్సరాల్లో యూజీసీ వాపసుకు ప్రత్యేక తేదీలు కూడా ప్రకటిస్తుంది. వాటినీ చూసుకోవాలి.

ప్రాస్పెక్టస్‌లో లేని రుసుము అడిగితే ముందు రశీదు కోరండి. సమాధానం తృప్తిగా లేకపోతే విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి రాయండి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దానితోనూ న్యాయం జరగలేదనిపిస్తే 15 రోజుల్లోగా అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. మీ ఫిర్యాదుకు బలం మీ రశీదులే. ప్రతి రశీదునూ దాచుకోండి.

8. సారాంశం

అనుకోని ఖర్చుల్లో ఎక్కువ భాగం ముందే తెలుసుకోగలిగినవి. వాటి మొత్తం కన్నా వాటి గడువే విద్యార్థికి ఎక్కువ నష్టం చేస్తుంది. కాబట్టి ఫీజు పట్టిక చదివి, గడువుల పట్టిక రాసుకొని, ఇంటి ఆదాయం వచ్చే నెలలను బట్టి పొదుపు చేయాలి. తప్పనిసరైతే గడువుకు ముందే రాతపూర్వకంగా అడగాలి. తీర్చే తేదీ తెలిసిన అప్పే చేయాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. నూటికి రెండు రూపాయల వడ్డీకి 5,000 తెచ్చి మూడు నెలల్లో తీరిస్తే వడ్డీ ఎంత?
2. ఉపకారవేతనం ఆలస్యం కావడం ఏ రకం కిందికి వస్తుంది?

జవాబులు: 1. రూ. 300. 2. (ఇ) రకం.

నమూనా ప్రశ్నలు
1. అనుకోని ఖర్చుల్లోని మూడు రకాలను సొంత ఉదాహరణలతో వివరించండి.
2. ఆదాయం అన్ని నెలల్లో సమానంగా లేని కుటుంబంలోని విద్యార్థికి గడువుల పట్టిక తయారు చేయండి.
3. ఫీజు వాపసు, ఫిర్యాదుల పరిష్కారం విషయంలో విద్యార్థి హక్కులను వివరించండి.