మంచుకు తెల్లరంగు అక్కర్లేదు

పిల్లల చేతికి ఓ తెల్లకాగితం, నీటిరంగుల పెట్టె ఇచ్చి మంచు కురిసిన ఊరి బొమ్మ వేయమనండి. చాలామంది ముందుగా తెల్లరంగు బిళ్ల కోసమే వెతుకుతారు. నీటిరంగుల్లో చేయి తిరిగిన చిత్రకారులు సాధారణంగా ఆ బిళ్ల జోలికి వెళ్లరు. చెట్టు మాను వేస్తారు, కంచె వేస్తారు, ఇంటి గోడ వేస్తారు. వాటి మధ్య కాగితాన్ని ముట్టుకోకుండా వదిలేస్తారు. ఆ వదిలేసిన కాగితమే మంచు అవుతుంది.

దీనికి కారణం ఉంది. నీటిరంగు పల్చటి పొర. వెలుగు ఆ పొరలోంచి దూరి, కింది కాగితాన్ని తాకి, తిరిగి మన కంటికి చేరుతుంది. అందుకే బొమ్మ మొత్తంలో అన్నిటికన్నా మెరిసే తెలుపు కాగితానిదే. దానిమీద ఒకసారి ముదురు రంగు పడిందంటే ఆ తెలుపును మళ్లీ తెచ్చుకోవడం కష్టం. ఎక్కడ రంగు వేయాలో తెలిస్తే చాలదు, ఎక్కడ వేయకూడదో ముందే తెలియాలి. అది తెలియాలంటే కుంచె పట్టకముందే బయటికి వెళ్లి చూసి ఉండాలి.

మంచు దారిలో నడిచిన చిత్రకారుడు

అలా చూడటానికే జీవితమంతా నడిచిన అమెరికన్ చిత్రకారుడు ఛార్లెస్ బర్చ్‌ఫీల్డ్. 1893లో ఒహాయో రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి పిల్లలను తీసుకుని సేలం అనే చిన్న పట్టణానికి చేరింది. ఆ పట్టణం చుట్టూ ఉన్న అడవులు, వాగులు, పాత ఇళ్లే అతనికి తొలి పాఠశాల.

క్లీవ్‌లాండ్‌లో చిత్రకళ చదివాక 1916లో న్యూయార్క్‌లోని పేరున్న కళాసంస్థలో చదవడానికి ఉపకార వేతనం వచ్చింది. వెళ్లాడు గానీ ఒక్కరోజే తరగతికి హాజరై మానేశాడు. సేలం తిరిగివచ్చి ఓ లోహపు సామాన్ల కర్మాగారంలో ఉద్యోగంలో చేరాడు. మధ్యాహ్న భోజన విరామంలోనూ, సాయంత్రాలూ, సెలవు రోజుల్లోనూ బొమ్మలు వేశాడు. తర్వాత విమర్శకులు అతని మేలైన పనిగా లెక్కించిన చిత్రాల్లో చాలా భాగం ఆ తీరిక వేళల్లో పుట్టినవే. 1930లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం మొట్టమొదటిసారి ఒకే చిత్రకారుడి పనితో ప్రదర్శన పెట్టింది. అందుకు ఎంచుకున్నవి 1916 నుంచి 1918 వరకు బర్చ్‌ఫీల్డ్ వేసిన నీటిరంగుల చిత్రాలే.

1921లో అతను బఫెలో నగరానికి వెళ్లి, గోడలకు అంటించే అలంకరణ కాగితాల కంపెనీలో డిజైనర్‌గా చేరాడు. ఐదుగురు పిల్లల తండ్రి అయ్యాడు. 1929లో ఉద్యోగం వదిలి పూర్తిగా చిత్రకళకే అంకితమయ్యాడు. బఫెలో మంచుకు పేరుపడ్డ ఊరు. పక్కనే ఈరీ సరస్సు ఉంది. చలికాలం మొదట్లో సరస్సు నీరు ఇంకా కాస్త వెచ్చగా ఉంటుంది. దానిమీదుగా వీచే చలిగాలి తేమను మోసుకొచ్చి ఒడ్డున మంచుగా కుమ్మరిస్తుంది. సరస్సు గడ్డకట్టాక ఆ మంచు తగ్గుతుంది. అలాంటి చోట చలికాలమంటే తలుపులేసుకుని కూర్చునే కాలం అనుకుంటాం. అతనికి అది బయటికి నడిచే కాలం.

మంచులో నడిస్తే కంటికి కొత్త సంగతులు తెలుస్తాయి. ఎండ పడిన మంచు మీద చెట్టు నీడ నల్లగా ఉండదు, నీలంగా ఉంటుంది. సూర్యుడి వెలుగు నేరుగా అందని ఆ మేర ఆకాశపు నీలమే పరుచుకుంటుంది. పుస్తకం చూసి బొమ్మ వేసేవాడు నీడకు నలుపు పూస్తాడు. నడిచి వచ్చినవాడు నీలం కలుపుతాడు.

బర్చ్‌ఫీల్డ్ చూసినవే కాదు, విన్నవీ భయపడ్డవీ బొమ్మ కట్టాడు. చలికాలపు వాన రాత్రి చర్చి గంటలు మోగుతుంటే చిన్నప్పుడు తనకు కలిగిన బెదురును 1917లో నీటిరంగుల్లో వేశాడు. అందులో గంట గోపురమే ఒక భయంకరమైన ముఖంలా ఇళ్ల మీదికి వంగి ఉంటుంది. ఇప్పుడా చిత్రం క్లీవ్‌లాండ్ మ్యూజియంలో ఉంది. బొమ్మలతో పాటు అతను రోజువారీ రాతలూ రాసేవాడు. గాలి ఎటు వీచింది, ఏ పిట్ట కూసింది, ఆకాశం ఏ రంగులో ఉంది అన్నవన్నీ మాటల్లో పెట్టాడు. ఆ రాతప్రతులు పది వేల పుటలు దాటాయి. బొమ్మా మాటా రెండూ ఒకే నడకలోంచి వచ్చాయన్నమాట.

మన పిల్లల చలికాలం

ఇక్కడే మన బడుల సంగతి గుర్తొస్తుంది. మన పిల్లలను ప్రకృతి దృశ్యం వేయమంటే ఏం వేస్తారో అందరికీ తెలుసు. రెండు కొండలు, మధ్యలో పొద్దు, కిందికి ఏరు, పక్కన గుడిసె, ఓ కొబ్బరిచెట్టు. కోరాపుట్‌లో కిటికీ తెరిస్తే నిజం కొండలే కనిపిస్తాయి. అక్కడి పిల్లలూ డ్రాయింగ్ పుస్తకంలోని కొండలే వేస్తారు. శీతాకాలం మీద వ్యాసం రాయమన్నా అంతే. గైడులోని నాలుగు వాక్యాలు కాగితం మీదికి దిగుతాయి. పొద్దున్నే బడికి వస్తూ తాము దాటి వచ్చిన మంచు అందులో ఉండదు.

మన ఊళ్లలో బఫెలోలో కురిసే మంచు లేదు. కానీ తెలుగులో ‘మంచు’ అన్న మాట చాలా విశాలమైనది. హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే, గడ్డిపరక మీద నిలిచిన చుక్కా మంచే, దారి కనిపించకుండా కమ్మేదీ మంచే. యానాంలో గోదావరి మీద తెల్లవారుజామున తేలేది పొగమంచు. భాషా మైనారిటీ బడిలో చదివే పిల్లలకు ఇంకో లాభమూ ఉంది. బళ్లారి పిల్లవాడికి కన్నడంలో ‘మంజు’, ‘ఇబ్బని’ తెలుసు. హోసూరు పిల్లకు తమిళంలో ‘పని’, ‘మూడుపని’ తెలుసు. బరంపురం పిల్లలు ఒడియాలో ‘కుహుడి’ అంటారు, షోలాపూర్ పిల్లలు మరాఠీలో ‘ధుకే’ అంటారు. ఈ మాటలన్నీ పక్కపక్కన పెట్టుకుని, ఏది మంచుబిందువు, ఏది పొగమంచు అని తేల్చుకోవడమే మంచి భాషా పాఠం. వాడకపోతే మాత్రం ముందు జారిపోయేది ఇంటి మాటే.

ఒక పొద్దుటి పాఠం

డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్క ఉదయం చాలు. బడి మొదలయ్యే ముందో, మొదటి పీరియడ్‌లోనో పిల్లలను ఇరవై నిమిషాలు నడిపించండి. చేతిలో రంగులు వద్దు. మూడు ప్రశ్నలు మాత్రం ఇవ్వండి. ఎంత దూరం దాకా కనిపిస్తోంది? దూరపు చెట్టుకూ దగ్గరి చెట్టుకూ రంగులో తేడా ఏమిటి? ఏ చప్పుడు ముందు వినిపించింది? తిరిగి వచ్చాక చూసినవాటికి ఐదు తెలుగు మాటలు రాయమనండి. మాట తెలియకపోతే అమ్మనో నాన్నమ్మనో అడిగి రమ్మనండి.

ఆ తర్వాత బొమ్మ. పల్చటి కాగితం తడికి ముడుచుకుపోతుంది కాబట్టి మందపాటి డ్రాయింగ్ షీటు తీసుకుని అంచులకు టేపు అంటించాలి. మంచుగా ఉండాల్సిన చోటును ముందే పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టుకోవాలి. మిగతా చోట శుభ్రమైన నీటితో తడిపి, దూరపు చెట్లను బాగా పలచని రంగుతో అద్దాలి. తడిలో రంగు అంచులు చెదిరి, చెట్టు మంచులో కలిసిపోయినట్టు అవుతుంది. కాగితం ఆరాక దగ్గరి చెట్టును ముదురు రంగుతో వేయాలి. దూరం దానంతటదే వచ్చేస్తుంది. తెల్లరంగు బిళ్ల పెట్టెలోనే ఉండిపోతుంది.

పరీక్షలు దగ్గరపడితే మొదట పోయేది డ్రాయింగ్ పీరియడే. దీనివల్ల మార్కులు వస్తాయా అని తల్లిదండ్రులు అడగడంలోనూ తప్పు లేదు. ఈ నడకతో అందరూ చిత్రకారులు కారు. అయితే కళ్లారా చూసిన పిల్లవాడు శీతాకాలం వ్యాసంలో గైడులో లేని ఒక్క వాక్యమైనా సొంతంగా రాస్తాడు. ఆ వాక్యం తెలుగులో ఉంటుంది. బడి గోడకు ముప్పై బొమ్మలు అంటిస్తే ముప్పైలోనూ ఒకే కొండ, ఒకే గుడిసె ఉండవు.

ఈ ఆదివారం పొద్దున్నే మీ పిల్లలను నిద్ర లేపి, స్వెట్టరు వేసి, వీధి చివరి దాకా తీసుకెళ్లండి. ఏం కనిపిస్తోందని అడగండి. జవాబు వచ్చేదాకా తొందరపెట్టకండి.