తుపానును తట్టుకునే ఇల్లు

తుపానును తట్టుకునే ఇల్లు అనగా పెనుగాలికి కప్పు లేచిపోకుండా, కుండపోత వానకు గోడలు కూలకుండా, లోపలివారి ప్రాణాలకు రక్షణగా నిలిచేటట్లు కట్టి, ఏటేటా మరమ్మతు చేసుకునే ఇల్లు. ఆంధ్ర ప్రదేశ్‌లో ఇచ్ఛాపురం నుండి తడ వరకు గల కోస్తా ప్రాంతానికి బంగాళాఖాతపు తుపానుల బెడద ఎక్కువ. ఇవి ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుండి డిసెంబరు వరకూ ఎక్కువగా వస్తాయి. ఈ వ్యాసం ప్రధానంగా ఆ తీరంలోని ఇళ్లకు సంబంధించినది.

తుపాను వల్ల ఇంటికి మూడు ముప్పులు ఉన్నాయి: గాలి, వాన, ఉప్పెన. మొదటి రెండింటినీ సామాన్య కుటుంబం కూడా కొద్దిపాటి ఖర్చుతో, ఎక్కువ శ్రద్ధతో చాలావరకు ఎదుర్కోవచ్చు. మూడవదానికి మామూలు ఇల్లు నిలవదు. ఈ తేడా తెలియకపోవడం వల్లనే, "మాది డాబా ఇల్లు, మాకేమవుతుంది" అనే ధీమాతో సముద్రం ఒడ్డున ఉండిపోయేవారు కొందరైతే, తలుపుకు ఒక గడియ బిగించుకుంటే మిగిలే ఇంటిని వదులుకునేవారు మరికొందరు.

గాలి ఇంటిని ఏమి చేస్తుంది

గాలి ఇంటిని ఒక పక్కకు నెడుతుందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. ఇంటిమీదుగా వేగంగా పోయే గాలి కప్పును పైకి లాగుతుంది. ఈ లాగుడు చూరు అంచుల దగ్గర, మూలల దగ్గర, వెన్ను దగ్గర ఎక్కువ. తుపానులో రేకులు అంచు నుండే లేవడం మొదలుపెట్టడానికి కారణం ఇదే. గాలివైపు తలుపో కిటికీయో బద్దలైతే గాలి లోపలికి చొరబడి కప్పును కిందనుండి కూడా తోస్తుంది. అప్పుడు పైనుండి లాగే బలం, కిందనుండి తోసే బలం కలిసిపోతాయి. ఒక కిటికీ పోవడంతో ఇల్లంతా పోవడం ఇలా జరుగుతుంది.

గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 180 కిలోమీటర్ల, అనగా సెకనుకు 50 మీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువంత ఒత్తిడి కలిగిస్తుంది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గల గది కప్పు మీద ఇది 1400 కిలోలకు దగ్గరగా వస్తుంది. నాలుగు అంగుళాల మందం గల కాంక్రీటు శ్లాబు బరువు చదరపు మీటరుకు 250 కిలోలు ఉంటుంది కాబట్టి అది తన బరువుతోనే నిలుస్తుంది. సిమెంటు రేకు బరువు అంతే వైశాల్యానికి 15 కిలోలకు అటూ ఇటూ, ఇనుప రేకు బరువు అంతకంటే చాలా తక్కువ. అందుచేత రేకుల ఇంటిని నిలిపేది బరువు కాదు, కట్టు. రేకును వాసానికి, వాసాన్ని దూలానికి, దూలాన్ని గోడకు, గోడను పునాదికి కలిపే కట్లలో ఏది బలహీనమైతే అక్కడ ఇల్లు తెగుతుంది. రేకుల మీద రాళ్లు పెట్టడం కోస్తాలో తరచుగా కనిపించే అలవాటు. పై లెక్క చూస్తే నాలుగు రాళ్లు ఏ మూలకూ చాలవని తెలుస్తుంది. పైగా అవి జారి మనుషుల మీద పడతాయి.

పాత ఇళ్లు

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తీర గ్రామాల్లో ఒకప్పుడు విరివిగా ఉండిన చుట్టిళ్లు గాలికి తగిన రూపం గలవి. గుండ్రని మట్టిగోడ, దానిపై శంఖాకారపు తాటాకు కప్పు, దాదాపు నేలను అంటే చూరు, చిన్న వాకిలి: ఇవీ వాటి లక్షణాలు. గాలి పట్టుకోవడానికి మూల ఉండదు, చూరు కిందకు దూరే సందూ తక్కువ. వంగి లోపలికి వెళ్లవలసి రావడం వాటిలోని ఇబ్బంది. కాని ఆ వంగడంలోనే రక్షణ ఉంది. నీటికి మాత్రం ఇవి ఆగవు. మట్టిగోడ అడుగు నానితే కూలిపోతుంది. తాటాకును రెండు మూడేళ్లకొకసారి మార్చకపోతే కప్పు చివికిపోతుంది. తాటాకు దొరకడం, నేసేవారు దొరకడం కూడా కష్టం కావడంతో వీటి స్థానంలో రేకుల ఇళ్లు, డాబాలు వచ్చాయి. రేకుల ఇల్లు చూడడానికి పూరింటి కంటే గట్టిదిగా కనిపిస్తుంది గాని, సరిగా బిగించని రేకు గాలిలో కత్తి వంటిది. ఎగిరివచ్చిన తాటాకు కంటే ఎగిరివచ్చిన రేకు చాలా ప్రమాదకరం.

కప్పును కట్టివేయడం

వాలు మరీ తక్కువగా ఉన్న కప్పు మీద లాగుడు ఎక్కువ. 22 నుండి 30 డిగ్రీల వాలు మంచిది. రెండు వాలుల కప్పు కంటే నాలుగు వైపులా వాలు గల కప్పు గాలికి బాగా ఆగుతుంది. రెండు వాలుల కప్పులో చివరి త్రికోణపు గోడలు ముందుగా కూలడం తరచుగా జరుగుతుంది. చూరు గోడ దాటి ఒకటిన్నర అడుగుల కంటే ముందుకు రాకూడదు. వసారా కప్పును ఇంటి కప్పుతో కలిపి ఒకటిగా వేయకుండా విడిగా వేయాలి. ఎందుకనగా మూడు వైపులా తెరచి ఉన్న వసారాలోకి గాలి దూరి దాని కప్పును లేపితే, అది పోతూ పోతూ ఇంటి కప్పును కూడా లాక్కుపోతుంది.

పూరింటికి నిట్టాడు, గుంజలు లోతుగా పాతి ఉండాలి. కప్పు మీద పాత చేపల వలనో కొబ్బరి తాళ్ల అల్లికనో పరచి, దాని చివరలను నేలలో పాతిన మేకులకు బిగించి కడితే తాటాకు చెదరదు. జాలరి కుటుంబాలకు ఇది ఖర్చులేని ఉపాయం. తాళ్లను కప్పుకు మాత్రమే కట్టి వదిలేస్తే ప్రయోజనం లేదు, నేలదాకా రావాలి.

రేకులను జె ఆకారపు కొక్కేలతో బిగించడం వాడుక. గట్టి గాలికి ఆ వంపు విప్పారుతుంది కాబట్టి రెండు చివరలా మరలు గల యు ఆకారపు బోల్టులు మేలు. అంచు వరుసల్లో, వెన్ను దగ్గర మిగతాచోట్ల కంటే దగ్గర దగ్గరగా బోల్టులు వేయాలి. పెంకుటింట్లో బెంగుళూరు పెంకులు ఒకదానికొకటి తగిలి నిలుస్తాయే తప్ప కట్టి ఉండవు. చూరు వరుసను, వెన్ను పెంకులను సిమెంటుతో అతికిస్తే, ముందు లేచే పెంకులే లేవకుండా ఉంటాయి.

గోడలు, తలుపులు, కిటికీలు

ఇటుక గోడ నిలువు బరువును మోస్తుంది గాని పక్కనుండి వచ్చే తోపుకు బలహీనం. పునాది మట్టంలోనూ, తలుపుల పైమట్టంలోనూ, కప్పు కిందా ఇల్లు చుట్టూ తెగకుండా తిరిగే కాంక్రీటు పట్టీలు, మూలల్లో పునాది నుండి పైదాకా వెళ్లే నిలువు ఇనుప చువ్వలు గోడలన్నిటినీ ఒక పెట్టెలా కలిపి ఉంచుతాయి. దూలాలను బిగించే బోల్టులను పై పట్టీలో కాంక్రీటు పోసేటప్పుడే పాతాలి. తరువాత గోడకు కన్నం పెట్టి దిగగొట్టిన మేకు ఆ పని చేయదు. తలుపులు, కిటికీలు గోడ మూలకు దగ్గరగా ఉండకూడదు.

భారత ప్రమాణాలలో ఐ.ఎస్. 875 మూడవ భాగం గాలి బలానికి సంబంధించినది. విశాఖపట్నం వంటి కోస్తా పట్టణాలకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లుగా తీసుకుంటారు. 2015లో సవరించిన ప్రమాణం ప్రకారం తూర్పు తీరంలో ఆసుపత్రులు, బడులు, తుపాను రక్షిత భవనాల వంటి, విపత్తు తరువాత కూడా పనిచేయవలసిన కట్టడాలకు ఈ వేగాన్ని 30 శాతం పెంచి లెక్కించాలి. చిన్న ఇళ్ల కోసం 2004లో ఐ.ఎస్. 15498 అనే మార్గదర్శకం వెలువడింది. ఊళ్లలో ఇళ్లు చాలావరకు మేస్త్రీల అనుభవం మీదనే లేస్తాయి కాబట్టి, ఈ సూచనలు మేస్త్రీకి చేరితేనే ఇంటికి చేరినట్లు.

2014 అక్టోబరు 12న గంటకు సుమారు 180 కిలోమీటర్ల గాలితో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు పెద్ద అపార్టుమెంట్ల చట్రాలు నిలిచాయి, అద్దాలు నిలవలేదు. జారుడు అద్దాల కిటికీలు ఊడి లోపలికి పడ్డాయి. విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. డాబా ఇంటికి కూడా కిటికీలే బలహీనస్థానం అనడానికి ఇది నిదర్శనం. చెక్క రెక్కలు, లోపలినుండి అడ్డగడియలు గల పాతకాలపు కిటికీ ఈ విషయంలో మెరుగు. అద్దాల కిటికీకి బయటనుండి బిగించడానికి వీలుగా పలకలను ముందే కొలతకు కోయించి, బోల్టు రంధ్రాలతో సహా సిద్ధంగా ఉంచుకోవాలి. అద్దం మీద అడ్డంగా అంటించే టేపు అద్దాన్ని పగలకుండా ఆపలేదు.

ఉప్పు, తుప్పు, ఏటేటి మరమ్మతు

కొత్తగా ఉన్నప్పుడు గట్టిగా ఉన్న ఇల్లు పదేళ్ల తరువాత అలా ఉండకపోవడానికి తీరంలో ప్రధాన కారణం ఉప్పుగాలి. బోల్టు తల పైకి బాగానే కనిపిస్తుంది, రేకు కింద మర తిని ఉంటుంది. శ్లాబులో ఇనుము తుప్పుపట్టితే ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పగులులోంచి మళ్లీ ఉప్పు, తేమ దిగుతాయి. సముద్రపు ఇసుక, ఉప్పునీరు వాడి కట్టిన ఇళ్లకు ఈ జబ్బు త్వరగా పడుతుంది. చువ్వలకు చాలినంత కాంక్రీటు కప్పు ఉంచడం, జింకుపూత గల బోల్టులు వాడడం దీనికి విరుగుడు.

మరమ్మతులకు తగిన కాలాలు రెండు: వేసవి తుపానులకు ముందు మార్చి నెల, దసరాకు ముందు సెప్టెంబరు నెల. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం సామెతలో తప్పే గాని, ఈ తీరంలో సొంత ఇంటి వాసాలు ఏడాదికి రెండుసార్లు లెక్కపెట్టుకోవాలి. చెదలు పట్టిన వాసం, వదులైన బోల్టు, ఎండి చీలిన రబ్బరు వాషరు, ఊగే పిట్టగోడ ఇటుక, మూసుకుపోయిన వాననీటి తూము, కీలు వదులైన తలుపు: ఇవన్నీ ఒక పూటలో తేలేవే. శ్లాబు మీద నీరు నిలిస్తే పగుళ్లు పెరుగుతాయి. ఇంటి మీదకు వాలిన కొమ్మలను కొట్టించాలి, ఎండుటాకులు, గెలలు దించిన కొబ్బరిచెట్టుకు గాలి తక్కువ పడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు పడిపోయాయి. పెరడంతా కొబ్బరిచెట్లే ఉండే ఆ ప్రాంతంలో ఇంటికీ చెట్టుకూ మధ్య దూరం కూడా రక్షణలో భాగమే.

హెచ్చరిక వచ్చిన తరువాత

భారత వాతావరణ శాఖ గాలి వేగాన్నిబట్టి తుపానులను విభజిస్తుంది. గంటకు 62 నుండి 88 కి.మీ. వరకు తుపాను, 89 నుండి 117 వరకు తీవ్ర తుపాను, 118 నుండి 166 వరకు అతి తీవ్ర తుపాను. 222 దాటితే సూపర్ సైక్లోన్. తుపాను ప్రమాదాన్ని తెలిపే ప్రకటన కనీసం 48 గంటల ముందు, తీరం దాటే చోటును సూచించే హెచ్చరిక కనీసం 24 గంటల ముందు వెలువడతాయి. ఇంటి పని ఆ మొదటి రోజులోనే ముగియాలి. గాలి మొదలైన తరువాత ఎవరూ కప్పు ఎక్కకూడదు.

డాబా మీది ప్లాస్టిక్ నీళ్ల తొట్టిని నింపి ఉంచితే ఎగిరిపోదు, తరువాత నీరూ దొరుకుతుంది. పూలకుండీలు, కుర్చీలు, విడి రేకులు, డిష్ యాంటెన్నా లోపలికి తేవాలి లేదా కట్టివేయాలి. పత్రాలు, మందులు, అగ్గిపెట్టె ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటక మీద కాక చేతికి అందేచోట ఉంచాలి. గాలి పెరిగేసరికి విద్యుత్తు మెయిన్ స్విచ్చి కట్టివేసి గ్యాసు బండను మూయాలి. హుద్‌హుద్ తరువాత నగరంలో రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేవు. తాగునీరు, నగదు, బ్యాటరీ రేడియో ఎంత అవసరమో అప్పుడు తెలిసింది. పశువులను పలుపులు విప్పి వదలడం పాత ఆచారం, నేటికీ సరైనదే.

గాలి ఉద్ధృతంగా ఉన్నప్పుడు కిటికీలు లేని లోపలి గదిలో ఉండాలి. తలుపు తీయక తప్పకపోతే గాలికి ఎదురుకాని వైపుది మాత్రమే తీయాలి. తుపాను కన్ను ఊరిమీదుగా పోతే గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడవచ్చు. ఇది వెలియడం కాదు. కొంతసేపటికి దాదాపు ఎదురు దిక్కునుండి అంతే బలంగా గాలి మళ్లీ వస్తుంది. అంతవరకు చాటుగా ఉన్న గోడ ఇప్పుడు ఎదురుగోడ అవుతుంది. ఈ నడిమి నిశ్శబ్దంలో ఎగిరిన రేకులు ఏరడానికి బయటకు వచ్చినవారు మధ్యలో చిక్కుకుపోతారు.

ఉప్పెన

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన ఐదు మీటర్లకు పైగా లేచింది. పదివేల మందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులను చంపింది గాలి కాదు, నీరు. ఘనమీటరు నీటి బరువు ఒక టన్ను. అది కదిలివస్తే పునాది కింది మట్టిని కోసుకుంటూ గోడలను నెడుతుంది. ఎత్తైన అరుగు వరదకు ఉపయోగపడుతుంది, ఇంత ఎత్తు ఉప్పెనకు కాదు. ఆ తరువాత కట్టిన తుపాను రక్షిత భవనాలను కాంక్రీటు స్తంభాల మీద నిలపడానికి, కింది అంతస్తును గోడలు లేకుండా వదలడానికి కారణం నీరు అడ్డులేకుండా కిందనుండి పోవడమే. 1990 మే నెలలో మచిలీపట్నం వద్ద తీరం దాటిన తుపాను కూడా చాలా తీవ్రమైనదే. ముందుగా లక్షకు పైగా ప్రజలను తరలించడంతో మృతుల సంఖ్య వెయ్యి లోపున ఆగింది. అందుచేత సముద్రానికీ, ఉప్పుటేరుకూ దగ్గరగా పల్లంలో ఉన్న ఇంటికి తరలింపు ఆదేశం వచ్చినప్పుడు ఇంటి గట్టిదనం ప్రశ్నే కాదు. తలుపులు బిగించి, ఆ ఇంటిని వదిలి వెళ్లడమే చేయవలసిన పని. రక్షిత భవనానికి దారి ఏది, ముసలివారిని ఎవరు తీసుకువెళ్లాలి అనేవి హెచ్చరిక రాకముందే ఇంట్లో అనుకుని ఉండాలి.

తుపాను వెలిసిన తరువాత

నానిన మట్టిగోడ తుపాను వెలిసిన మరునాడు కూలడం అరుదు కాదు. అందుచేత ఇంట్లోకి వెళ్లేముందు గోడల ఒరుగుదలను, దూలం కూర్చున్న చోటును బయటనుండి చూడాలి. తెగిన విద్యుత్ తీగలను తాకరాదు. చూరు సందుల్లో, సామాను కింద పాములు చేరి ఉంటాయి. ఉప్పెన నీరు కలిసిన బావిని తోడి, శుభ్రపరచి, క్లోరిన్ కలిపిన తరువాతనే వాడాలి; ఉప్పదనం పోవడానికి ఇంకా చాలాకాలం పట్టవచ్చు. ఎగిరిపోయిన రేకులను ఏరి తెచ్చి అవే పాత రంధ్రాలలో మళ్లీ బిగించడం సాధారణంగా జరిగేదే, కాని సాగిన రంధ్రం బోల్టును పట్టి ఉంచలేదు. కొత్త రంధ్రం వేసి, పాతదాన్ని పూడ్చి, వెడల్పు వాషరు వేసి బిగించాలి.