వార్తల్లో పదం: కన్వర్షన్ రేటు

సోషల్ మీడియాలో ఒక పోస్టు లేదా వీడియో చూసినవారిలో ఎంతమంది కొన్నారో చెప్పే శాతమే కన్వర్షన్ రేటు. వెయ్యి మంది చూసి 20 మంది కొంటే అది 2 శాతం. లైకులు ఈ లెక్కలోకి రావు.

పసుపు రైతుల ఉదాహరణ చూద్దాం. జాతీయ పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. అదే జిల్లాలోని వేల్పూర్, ఆర్మూర్ ప్రాంతాల రైతులు పసుపు పొడిని సోషల్ మీడియా ద్వారా నేరుగా అమ్మాలంటే ఈ కన్వర్షన్ లెక్క తెలిసి ఉండాలి. కొమ్ములు ఉడకబెట్టడం, ఎండబెట్టడం, పాలిష్ పట్టడం చూపే వీడియో ఆసక్తి రేపుతుంది. చూసినవారు కొనాలంటే మాత్రం పసుపులోని కుర్కుమిన్ శాతం, ధర, ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, వాట్సాప్‌లో ఆర్డర్ ఇచ్చే దారి అందులోనే కనిపించాలి. అన్నిటికంటే ముఖ్యం, అడిగినవారికి వెంటనే జవాబివ్వడం. ఇతరులతో ప్రచారం చేయిస్తే ఒక నిబంధన గుర్తుంచుకోవాలి: డబ్బు తీసుకుని ప్రచారం చేసేవారు ఆ సంగతి స్పష్టంగా వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు ఇచ్చింది.